ఇసుక బొమ్మల చిత్రము

బొమ్మల చలనచిత్రములను గూర్చి వ్రాయుటకు నీకేమి యర్హత యున్నదని మీరడిగినచో నాయొద్ద సరియైన సమాధానము లేదు. నేను చిత్రలేఖనము నేర్చినదానను గాను. పండుగనెలలో వాకిట ముగ్గు పెట్టుటయు, పెండ్లిండ్లలో పీటల క్రింద పద్మములు వేయుటయు తప్ప నా చేతికి వేరు బొమ్మ రాదు. అయినను గడచిన వేసవిలో మా యింట జరిగిన యొక సంగతిని, అందు నేను చేసిన తెలివితక్కువ పనిని, ఆ పిమ్మట మా అమ్మాయి నన్ను కూర్చుండబెట్టి చూపిన కొన్ని చిత్రములను గూర్చి మీతో చెప్పుకొనవలెనని తోచినది. చదివిన మీదట మీరు నన్ను మందలించినను సరియే.

బొమ్మల చిత్రమనగా మన యిండ్లలో నేమి? పిల్లవాడు అన్నము తినకున్న వాని యెదుట పెట్టెడి వస్తువు. నేనును అటులనే ఇద్దరు బిడ్డలను పెంచితిని. తెరమీద పిల్లి ఎలుకను తరుముచున్నంతసేపు పప్పన్నము ముద్ద నోటిలో పెట్టుట, బొమ్మ ఆగినతోడనే పిల్లవాని నోరును మూతపడుట చూచి విసుగుకొనుట, ఇంతియే నాకును ఆ చిత్రములకును గల సంబంధము. ఆ పిల్లి వేసిన ఒక్కొక్క అడుగును ఎవరో కూర్చుండి గీసియుందురని నాకు తోచనైన లేదు. మా చిన్నతనమున దూరదర్శనములో పక్షులన్నియు కూడి వలతో సహా ఎగిరిపోవు బొమ్మపాట యొకటి వచ్చెడిది. "ఏక్ అనేక్ ఔర్ ఏక్తా" దాని పేరు. హిందీ ముక్క రాని మేమందరము దానిని గొంతెత్తి పాడుచుండెడివారము. ఫిల్మ్స్ డివిజన్ వారు 1974లో వెలువరించిన ఆ చిత్రమునకు దర్శకత్వము వహించినది విజయా మూలే యను విదుషీమణి యనియు, బొమ్మలను కదలించినవారు భీంసేన్ అనియు నాకు నిరుడు గాని తెలియలేదు. పాట నలువదేండ్లు నోటనున్నది, చేసిన చేయి మాత్రము తెలియదు.

మా అమ్మాయిని ఇంటిలో చిట్టి యని పిలుతుము. అది ఇంజనీరింగు చదివి, చేతికి వచ్చిన యుద్యోగమును కాదని, యానిమేషన్ విద్య నేర్చుకొనుటకు పట్టణమునకు పోయినది. ఆ రెండేండ్లు మా యింట జరిగిన రగడ వ్రాసినచో ఈ పత్రిక చాలదు. మావారు కూతురితో మాటలాడుట తగ్గించిరి. నేను ఇరువురకు నడుమ నుండి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేయుచు, మనసులో మాత్రము "బొమ్మలు వేసి ఎవరు బాగుపడినారు?" అని అనుకొనుచునే యుంటిని. చదువు ముగియునప్పుడు ప్రతి విద్యార్థియు సొంతముగా నొక లఘుచిత్రము తీసి చూపవలెనట. తోడివారందరు కంప్యూటరులో గీసికొనుచుండగా ఇది మాత్రము ఇసుకతో తీసెదనని పట్టుపట్టి, రాజమహేంద్రవరములోని మా యింటికి వచ్చి, పెరటివైపు గది తనకు కావలెనన్నది.

అది మా అత్తగారి గది. ఆమె పక్షవాతముతో నాలుగేండ్లు మంచము పట్టి, ఆ గదిలోనే కాలము చేసిరి. అటుపిమ్మట అందులో ఎవరును పరుండలేదు. బియ్యపు బస్తాలు, పాత పరుపులు అందు చేరినవి. చిట్టి వానినన్నిటిని వసారాలోనికి నెట్టించి, కిటికీలకు నల్లగుడ్డ కట్టి, ఒక పాతబల్ల నడుమను చతురముగా కోయించి గాజుపలక బిగించినది. పలక క్రింద దీపము. పలకకు పైన, నిలువుగా క్రిందికి చూచుచు నొక కెమెరా. ఇక ఇసుక సంగతి వినుడు. గోదావరి లంకలనుండి తెప్పించిన ఇసుకను ఏడు నీళ్ళు కడిగి, ఎండబెట్టి, నా పిండిజల్లెడ తీసికొనిపోయి జల్లించినది. జల్లెడలో దిగని గరుకును పారబోసినది. దిగినదానిని మరల వాయిలుచీర ముక్కలో పోసి ఆడించి, గుడ్డలోనుండి జారిన దుమ్మును కూడ పారబోసినది. నడుమ మిగిలిన సమానమైన రేణువులు మాత్రమే దానికి పనికివచ్చునట. బస్తెడు ఇసుకకు డబ్బెడు మిగిలినది. నా జల్లెడ చెడినదని నేను సణుగుకొన్నాను గాని, ముగ్గుపిండికి రాయి మెత్తగా నూరి జల్లించు మా అమ్మ నాకు జ్ఞాపకము రాకపోలేదు.

క్రిందనుండి వెలుగు వచ్చుచుండగా గాజుపై ఇసుక మందముగా నున్నచోట నలుపు కనబడును. పలుచన చేసినచోట గోధుమవన్నె. వ్రేలితో తుడిచినచోట తెల్లని వెలుగు. రంగులు లేవు, కలము లేదు. చీపురు ఈనె, గుండ్రని కుంచె, నెమలియీక కాడ, తన వ్రేళ్ళు, ఇవియే పనిముట్లు. ఒక బొమ్మను తీర్చి ఒక ఫోటో తీయును. పిమ్మట ఆ బొమ్మలోనే వ్రేలి కొనను రవంత జరిపి మరియొక ఫోటో. అట్లు తీసిన 12 బొమ్మలు కూడిన ఒక్క సెకండు. నిమిషమునకు 720. మూడు నిమిషములకు 2160. చేయి బాగుగ సాగిన దినమున 40 బొమ్మలగును, సాగని దినమున పది కూడ కావు. పగలంతయు నడుము వంచి నిలువబడి, సాయంకాలమునకు నాలుగు సెకండుల చిత్రమునైనను సంపాదించుకొనని పని యది. మా వీధిలో కరెంటు హెచ్చుతగ్గులగుట మీకు తెలియనిది గాదు. దీపము రవంత మినుకుమన్నను ఆ బొమ్మ వెలుగు మారి తెరపై చిత్రము అదరునని స్టెబిలైజరు నొకదానిని కొనిపించినది. పంకా మాత్రము నిషిద్ధము.

మే నెల. రాజమహేంద్రవరపు ఎండలను నేను వర్ణింప నక్కరలేదు. ఒకనాటి రాత్రి రెండు గంటలవేళ మంచినీళ్ళకు లేచి చూడగా పెరటిగది తలుపు క్రింద వెలుగు కనబడినది. మెల్లగా త్రోసి చూచితిని. చిట్టి బల్లప్రక్కన చాపమీద ఒడలెరుగక నిద్రించుచున్నది. వీపు చెమటతో తడిసి, జుట్టు మెడకు అతుక్కొనిపోయినది. తల్లిప్రాణము ఊరకుండునా? పంకా మీట నొక్కి, తలుపు చప్పుడు గాకుండ చేరవేసి, మేలు చేసితినను తృప్తితో పోయి పరుంటిని.

తెల్లవారి నేను లేచునప్పటికి అది పెరటి అరుగుమీద కూర్చుండియున్నది. ఏడ్చుటలేదు. అది ఏడ్చిన బాగుండును. గాజుపలకమీద ఇసుక ఒకప్రక్కకు మేటవేసి, మిగిలిన పలకయంతయు తెల్లగా వెలుగుచున్నది. నేను చేసినపని అప్పుడు తెలిసినది. తెలిసియు, తప్పొప్పుకొనుటకు నోరురాక, "ఇసుకే కదే, మళ్ళీ పోసుకో" అంటిని. ఆ మాటకు ఇప్పటికిని సిగ్గుపడుచున్నాను. అది నావంక చూచి, లోనికి పోయి తలుపు వేసికొన్నది. రెండు దినములు నాతో మాటలాడలేదు. అన్నము వడ్డించిన తినినది, పిలిచిన పలికినది, అంతియే.

మూడవనాడు అదియే వచ్చి నాప్రక్కన కూర్చుండినది. "అమ్మా, అప్పటికి తీసిన ఫోటోలు పోలేదు. కెమెరాలో ఉన్నాయి. పోయింది తరవాతి బొమ్మ. మనిషి ఒక కాలు ఎత్తి, ఇంకా కింద పెట్టకముందే మాయమైపోయాడనుకో. ఎక్కడ పెట్టేవాడో ఎవరికి తెలుసు? నా చేతికి తెలుసు, అంతే. ఆ రాత్రి నా చేతికి తెలుసు" అన్నది. నాకు సగమే యర్థమైనది. నా మొగము చూచి గ్రహించినదేమో, "నువ్వు ఇలా రా, చూపిస్తాను" అని తన కంప్యూటరు ముందు నన్ను కూర్చుండబెట్టినది. కూతురు తల్లికి చదువు చెప్పుట ఆ దినమున మొదలైనది.

మొదట చూపినది కరోలిన్ లీఫ్ అను నామె చిత్రములు. ఈమె 1946లో అమెరికాలో జన్మించినది. విద్యార్థినిగ నున్నప్పుడే దీపపు పలకపై ఇసుక పోసి, పీటర్ అను బాలుడును తోడేలును గల కథను 1969లో చిత్రముగ తీసినది. బొమ్మలు వేయుట తనకు చేతకాదని అనుకొన్న పిల్లయట! 1972లో కెనడా జాతీయ చలనచిత్ర మండలిలో చేరి, 1974లో గుడ్లగూబ పెద్దబాతును పెండ్లాడిన కథను ఇసుకలోనే చెప్పినది. ఉత్తరధ్రువ ప్రాంతమున మంచులో నివసించు ఇన్యూట్ జాతివారి కథ యది. ఆ పక్షుల అరుపులను ఆ జాతివారే నోటితో అనుకరించిరి. మాటలు లేవు. బాతులు శీతకాలమునకు వలసపోవును. గుడ్లగూబ భార్యను విడువలేక వెంటపడును. బాతులవలె ఈదలేక నీటిలో మునిగిపోవును. కథ ఇంతియే. గాని ఆ గుడ్లగూబ రెక్క విదిలించునప్పుడు ఇసుకరేణువులు అంచున చిందుట చూచితిని. కుంచెతో గీసిన గీత యెన్నటికి నట్లుండదు. పక్షి ఈకలు కదలినట్లే యుండును, ఇసుక కదలినట్లును ఉండును. రెండును ఒక్కసారి కనబడుచుండుటయే అందలి వింత.

"ఈవిడకి కంప్యూటర్ లేదమ్మా. ముందు బొమ్మ ఎలా ఉందో నేను తెరమీద చూసుకుంటాను. ఆవిడకి ఫిలిం కడిగి వచ్చేదాకా ఏం తీసిందో కనపడదు" అని చిట్టి చెప్పినది. ఒక బొమ్మను చెరిపినగాని రెండవది లేదు. చెరిపినదానిని చూచుకొనుటకు వీలులేదు. నాకు మా అత్తగారు చీకటిలో ముగ్గు వేయుట జ్ఞాపకమునకు వచ్చినది. తెల్లవారుజామున దీపము లేకుండ, చుక్క తప్పకుండ వేసెడివారు. ఎట్లు తెలియునని యడిగిన "చేతికి తెలుస్తుందే" అనెడివారు. చిట్టి యన్నమాటయు అదియే గదా!

ఆ పిమ్మట చూపిన చిత్రమును గూర్చి వ్రాయుటకు నాకు చేయి ఆడుటలేదు. అయినను దానికొరకే ఈ వ్యాసము మొదలుపెట్టితిని. "ది స్ట్రీట్" అనగా వీధి. 1976లో ఆమెయే తీసినది. పది నిమిషములది. మొర్డెకాయ్ రిచ్లర్ అను కెనడా రచయిత కథకు బొమ్మలరూపము. ఇందులో ఇసుక లేదు. గాజుపలకపై రంగులు పూసి, అవి ఎండిపోకుండుటకు గ్లిజరిన్ కలిపి, వ్రేళ్ళతోడను గుడ్డపేలికతోడను తుడుచుచు, తీర్చుచు తీసినది. మాంట్రియల్ నగరములో నొక యూదుల కుటుంబము. ఇంటిలో ముసలి అమ్మమ్మ మంచము పట్టియున్నది. ఆమె పోయినచో ఆ గది పిల్లవానిదగును. వాడు ఎదురుచూచుచుండును. ఆమె పోదు. తల్లి తన తల్లికి చాకిరి చేసి చేసి అలసిపోవుచుండును. కథ చెప్పుచున్నవాడు ఆ పిల్లవాడే.

ఇరువది క్షణములు గడవకముందే నేను చిట్టి చేయి పట్టుకొంటిని. మా అబ్బాయికి ఆరేండ్ల వయసున, అత్తగారు మంచమున నున్న మూడవ యేట, వాడు వంటింటి గుమ్మములో నిలిచి, "అమ్మా, మామ్మ ఎప్పుడు చచ్చిపోతుంది? ఆ గది నాకెప్పుడిస్తారు?" అని యడిగినాడు. నేను వాని చెంప ఛెళ్ళుమనిపించితిని. పసివాడు, వానికేమి తెలియునని తరువాత అందరును నన్నే కోపించిరి. నిజము చెప్పెదను. వాడు చెడ్డమాట అన్నాడని నేను కొట్టలేదు. తెల్లవారుజామున దుప్పట్లు ఉదుకుచు ఆ ప్రశ్ననే నాలో నేను అడుగుకొనుచున్న దినములవి. ఆ మాట వాని నోట వినబడుటచేత కొట్టితిని. ఇది నేనెవ్వరితోను అనలేదు. ఎక్కడి మాంట్రియల్, ఎక్కడి రాజమహేంద్రవరము! నేనెన్నడు చూడని యొక స్త్రీ తడిరంగులో వ్రేలుపెట్టి దానిని గీసియుంచినది.

అందలి పనితనము నాకు రెండవసారి చూచునప్పుడు గాని తెలియలేదు. మామూలు సినిమాలో ఒక గదినుండి మరియొక గదికి పోవలెననిన కత్తిరించి అతికింతురు. ఇందులో అట్టి కత్తిరింపు అరుదు. ఒక మొగము కరగి మరియొక మొగమగును, ఒకచోటు కరగి మరియొక చోటగును. తడిరంగు గనుక ఒకటి మరియొకదానిలోనికి జారుచుండును. గోడలు, సామానులు చాలవరకు గీయనే లేదు. మొగము, చేయి, బల్లయంచు ఉండును, మిగిలినదంతయు ఖాళీ. జ్ఞాపకము వచ్చు విధముకూడ అట్లే గదా? ఆ దినమున మా వంటింటి గోడకు సున్నమున్నదో రంగున్నదో నాకు జ్ఞాపకము లేదు. వాని చెంపమీది నా వ్రేళ్ళ ఆనవాళ్ళు మాత్రము కనబడుచునేయున్నవి.

చిట్టి నాకు చూచుటలో నేర్పిన పాఠము ఒక్కటే: "బరువు చూడమ్మా." బొమ్మ అందముగ నున్నదా యని గాక, దానికి బరువున్నదా యని చూడవలెనట. మనిషి మంచముమీదినుండి లేచునప్పుడు ముందు తల వంగును, చేయి అంచును పట్టును, నడుము ఒక్కక్షణము తటపటాయించును, అప్పుడు గాని లేవడు. ఆ తటపటాయింపునకు రెండు బొమ్మలు ఎక్కువ వేసినచో ముసలివాడగును, తగ్గించినచో కుర్రవాడగును. కాగితపు బొమ్మకు బరువెక్కడిది? ఆ రెండు బొమ్మలలోనే యున్నది. ఇది నాకు ఎవ్వరును చెప్పనక్కరలేదు. పక్షవాతపు మనిషిని చంకలక్రింద చేతులుంచి లేవనెత్తినవారికి, బరువు ఏ క్షణమున తమమీదికి వచ్చునో తెలియును. నాలుగేండ్లు దినమునకు నాలుగుమారులు నేను దానిని నేర్చుకొంటిని. అది ఒక విద్యయని, దానిని గమనించి గీయువారు లోకములో నుందురని నేనెరుగను.

ఆ వేసవిలో మధ్యాహ్నపు వేళలందు మేమిద్దరము ఇంకను కొన్ని చూచితిమి. జర్మనీలో బెర్లిన్ నగరమున 1899లో పుట్టిన లోట్టె రైనిగర్ అను నామె నల్లని అట్టలను కత్తెరతో కత్తిరించి, కీళ్ళవద్ద తీగతో కట్టి, దీపపు గాజుపై పరుండబెట్టి కదలించినది. ఆమె రాకుమారుడు అహ్మదు కథను 1923 మొదలు 1926 వరకు మూడేండ్లు తీసినది. నేటివరకు నిలిచియున్న పూర్తినిడివి బొమ్మల చిత్రములలో అదియే మొదటిదందురు. ఆ పిమ్మట ఎన్నియో లఘుచిత్రములు తీసినది. ఆ నీడలు చూడగా చిన్ననాటి తోలుబొమ్మలాట మదిలో మెదలినది. మన బొమ్మలు రంగుల తోలువి గనుక దీపము వాటిగుండ ప్రసరించును. ఆమెవి కటిక నలుపు, అంచు తప్ప మరేమియు లేదు. అంచుతోనే కోపము, సిగ్గు, దుఃఖము తెలియవలెను. ఆ కత్తెర పదును నేనిప్పటికి నమ్మలేకున్నాను.

రష్యా దేశమున యూరీ నార్‌స్టైన్ 1975లో తీసిన చిన్నచిత్రమొకటి కలదు. మన యేదుపందివలె ముళ్ళుండి పిడికెడంతయే యుండు జంతువొకటి, చేత పండ్లపాకపు మూటతో, నక్షత్రములు లెక్కపెట్టుటకు ఎలుగుబంటి స్నేహితునింటికి బయలుదేరి పొగమంచులో దారి తప్పును. మంచులో తెల్లగుర్రమొకటి కనబడును. ఆ పొగమంచు ఎట్లు తీసిరనుకొన్నారు? పలుచని కాగితమును బొమ్మపై నుంచి, ఫోటో ఫోటోకును కొంచెము కొంచెముగ కెమెరావైపునకు ఎత్తిరట. ఎత్తినకొలది బొమ్మ మసకబారును. అంతియే! నేను ఫక్కున నవ్వితిని. ఆ నవ్వు వెనువెంటనే ఆగిపోయినది, ఏలయనగా ఆ కాగితమే అని తెలిసికూడ రెండవసారి చూచునప్పుడు నాకు భయము వేసినది. ఆ బొమ్మలను తీర్చినది ఆయన భార్య ఫ్రాన్చెస్కా యార్బూసోవా. చిత్రము పేరెత్తినప్పుడు ఆయన పేరే ముందు వినబడును. దీనిపై నాకు అనవలసినది చాల కలదు గాని ఈ వ్యాసము అందుకొరకు గాదు.

మన దేశపు చిత్రములలో గీతాంజలి రావ్ 2006లో వెలువరించిన "ప్రింటెడ్ రెయిన్‌బో" నాకు మిక్కిలి నచ్చినది. ముంబయి నగరములో మేడగదిలో ఒంటరి ముసలామె, ఆమె పిల్లి. ఆమెయొద్ద అగ్గిపెట్టెల కప్పుబొమ్మలున్నవి. బూడిదవన్నె యింటిలోనుండి ఆ బొమ్మలలోనికి అడుగుపెట్టగా రంగులే రంగులు. పదునైదు నిమిషములది. ఒక్కతె కూర్చుండి బొమ్మ వెంట బొమ్మ తానే వేసి ముగించినదట. అదే సంవత్సరము ఫ్రాన్సులోని కాన్ చిత్రోత్సవమున విమర్శకుల వారములో దానికి బహుమానము వచ్చినది. ఒక్క మాట. ఆ రంగుల లోకములు నన్నంతగా పట్టుకొనలేదు. బూడిదవన్నె కిటికీ ప్రక్కన ముసలామె ఊరక కూర్చుండుటను గీసిన చోటులే నన్ను పట్టినవి. అక్కడ కదలిక లేదనిపించును. ఏమియు జరుగనట్లు చూపుటకును చేయి ఆడుచునే యుండవలెను గదా!

కంప్యూటరు వచ్చిన పిమ్మట ఇదంతయు సులువైనదని కొందరందురు. నేనును చిట్టిని అడిగితిని. గీత గీయుట సులువైనది గాని, ఎప్పుడు ఆగవలెనో యంత్రము చెప్పదని బదులిచ్చినది. మిక్సీ వచ్చిన తరువాత పచ్చడి రుబ్బుట సులువైనను, ఉప్పు ఎంత వేయవలెనో తెలియనివారి పచ్చడి మారలేదని నేనంటిని. అది నవ్వినది. పంకా సంగతి పిమ్మట అది నవ్వుట అదే మొదలు.

చెదరిన బొమ్మను అది మరల నిలిపినది. చివరి ఫోటోను కంప్యూటరు తెరపై పెట్టుకొని, దానిని చూచుచు, కొలుచుకొనుచు, ఇసుకను చిటికెడు చిటికెడుగ పోసి రెండు దినములు శ్రమపడినది. నేను గుమ్మమున కాపున్నాను. పంకా మీటపై అట్టముక్క అంటించితిని. పనిమనిషిని చీపురు పట్టుకొని అటు రానీయలేదు. ఒకమారు తుమ్ము వచ్చినచో నోరు ముక్కు మూసికొని పెరటిలోనికి పరుగెత్తితిని. అప్పుడు మొట్టమొదటిసారి ఆ బొమ్మను వెలుగులో దగ్గరగ చూచితిని. ఒక ముసలిచేయి ముగ్గుపిండి జారవిడుచుచున్నది. చిటికెనవ్రేలు లోనికి వంకరపోయియున్నది. మా అత్తగారి చిటికెనవ్రేలు తలుపుసందున పడి చిన్ననాడే అట్లు వంకరపోయినది. చిట్టి ఆ చిత్రమును దేనిని గూర్చి తీయుచున్నదో అంతవరకు నేనడుగనే లేదు. రెండునెలలు అన్నము మోసికొనిపోయి ఆ గుమ్మములో పెట్టితిని గాని, ఏమి తీయుచున్నావని అడుగలేదు.

చిత్రము ఆగస్టునెలలో పూర్తియైనది. మూడు నిమిషముల పది సెకండులు. మా ఆడపడుచు వచ్చియుండగా ఒకనాటి రాత్రి హాలులో గోడకు తెల్లదుప్పటి కట్టి చూపినది. మావారు కూడ కుర్చీ తెచ్చుకొని వెనుకగా కూర్చుండిరి. వేసవిలో ఒకసారి వచ్చి పోయినప్పుడు ఆడపడుచు నాతో, "మూడు నిమిషాల బొమ్మకి మూడు నెలలా వదినా? ఈ లెక్కన దానికి పెళ్ళెప్పుడు చేస్తారు?" అన్నది. ఆ రాత్రియు మొదట అటువంటి మాటయే ఏదో అనబోయి, దీపము లార్పుటచేత ఊరకున్నది.

ముసలిచేయి ముగ్గు గీయుచుండును. గీత సాగి సాగి నది యగును. నదిలో పడవ. పడవ నెమ్మదిగ తిరిగి మంచమగును. మంచముమీద మరల ఆ చేయి. అది లేచి గాలిలో చుక్కలు పెట్టవలెనని ప్రయత్నించును. పంకా ఊదిన చోటు అదియే. ఎంత జాగ్రత్తగ నిలిపినను ఇసుక మునుపటివలె కుదరలేదు. అక్కడికి వచ్చుసరికి ఆ చేయి ఒక్కసారి ఉలికిపడినట్లై, కొంచెము ప్రక్కకు జరిగి, మరల సాగును. ఎప్పుడు వచ్చునో నాకు తెలియును గనుక నేను ఊపిరి బిగబట్టి చీరచెంగు పట్టుకొని కూర్చుంటిని. వచ్చినది, పోయినది. చిట్టి నావైపు చూడలేదు.

చిత్రము ముగిసి దీపము వేసినప్పుడు మా ఆడపడుచు కన్నులు తుడుచుకొనుచున్నది. "అమ్మ చెయ్యి చివర్లో అచ్చం ఇలాగే వణికేది" అన్నది. "అదెలా గుర్తుపెట్టుకున్నావే, నువ్వప్పుడు ఇంతపిల్లవి!"

చిట్టి దుప్పటి ముడి విప్పుచు నావంక చూచినది. నేను లేచి పంకా వేసితిని.